ఎవరికి లేదండీ థైరాయిడ్!

"ఆవిడకి థైరాయిడ్ ఉందటండీ" అని మనవాళ్లు గొంతు తగ్గించి చెబుతారు చూడండి, నాకు నవ్వాగదు. ఎవరికి లేదండీ థైరాయిడ్! మీకుంది, నాకుంది, ఇందాక మంచినీళ్ల డబ్బా దింపి వెళ్లిన కుర్రాడికీ ఉంది. మెడలో ఉండే గ్రంథి కదా అది! సరిగ్గా పనిచెయ్యకపోతే అప్పుడు జబ్బు. మనకి అంత ఓపికెక్కడిది, గ్రంథి పేరే జబ్బు పేరు చేసేసుకున్నాం. బీపీ సంగతీ అంతే. "నాకు బీపీ ఉంది వదినా" అని ఫోను చేసినప్పుడల్లా చెబుతుంది మా ఆడపడుచు. లేకపోతే ఆ ఫోను చేసేదెవరమ్మా మరి!

ఉండండి, స్టూలు ఊగుతోంది, సర్దుకుంటాను. ఈ సౌదీలో, మన హుఫూఫ్‌లో అన్నీ బావుంటాయి గానీ ఈ ప్రహరీ గోడలే నాకు నచ్చవు. మనూళ్లో అయితే గోడ మీద మోచెయ్యి ఆనించి, బియ్యం చేట పక్కన పెట్టుకుని పొద్దుగుంకే దాకా మాట్లాడుకునేవాళ్లం. ఇక్కడ నిలువెత్తు గోడలాయె. పక్కింట్లో ఏం పోపు పెట్టారో వాసన పట్టి తెలుసుకోవాలి తప్ప కంటికి ఆనదు. మీరూ ఏదైనా ఎత్తుపీట వేసుకోండి. ఎండ వాలిపోయింది, మావారు వచ్చేసరికి రాత్రవుతుంది. మీకు మాత్రం ఇప్పుడు కొంపలంటుకునే పనేముంది లెండి.

ఏం చెబుతున్నాను? ఆ, థైరాయిడ్. గ్రీకు మాటట అది. వాళ్ల సైనికులు తలుపంత డాలు పట్టుకునేవారట, ఆ డాలు పేరు తీసుకొచ్చి మెడకి తగిలించారు. గ్రంథికి ఈ పేరు ఖాయం చేసినాయన థామస్ వార్టన్ అని లండన్ డాక్టరు, 1656లో. ఇది ఎందుకుందయ్యా అంటే నాలుగు కారణాలు రాస్తూ, మెడ గుండ్రంగా అందంగా కనబడ్డానికి కూడా, ముఖ్యంగా ఆడవాళ్లకి, అని రాసిపెట్టాడు మహానుభావుడు. పొద్దున్నే పరగడుపున మాత్ర మింగేటప్పుడు ఆ మాట గుర్తొచ్చి, ఓసారి అద్దంలో మెడ చూసుకుంటూ ఉంటాను. ఏమో, ఎవరు చెప్పొచ్చారు!

ఇవన్నీ నాకెలా తెలుసనుకుంటున్నారా? మన వెనకవీధిలో నర్సమ్మాయి లేదూ, కాకినాడ దగ్గరి పిల్ల, పాలీక్లినిక్‌లో చేస్తుంది. ఇక్కడ నర్సు ఉద్యోగానికి రాసే ప్రొమెట్రిక్ పరీక్షకి చదివే రోజుల్లో ఆ పిల్ల గ్రీకు ముక్కలన్నీ ఎక్కాల్లా బట్టీ పట్టింది. హీమా అంటే రక్తం, నెఫ్రోస్ అంటే మూత్రపిండం, హెపార్ అంటే కాలేయం, ఆర్థ్రాన్ అంటే కీలు. "ఓ పాతిక ముక్కలు వస్తే చాలు ఆంటీ, ఎంత బారు పేరైనా దానంతటదే విడిపోతుంది" అంటుంది. నిజమేనండోయ్. ఆర్థరైటిస్ అని డాక్టరు కాగితం మీద గీకితే ప్రాణం జావగారిపోతుంది. విప్పి చూస్తే ఏముంది? కీళ్ల జబ్బు. మా నాయనమ్మ కీళ్లనొప్పి అని ఊరుకునేది, కాసిని ఆవాలు నూరి పట్టు వేసుకునేది. ఎనీమియా అన్నా అంతే, రక్తం లేకపోవడం. "పిల్లకి ఒంట్లో రక్తం లేదు" అని మనం అనేదాన్నే వాళ్లు గ్రీకులో అన్నారు. ఆ గ్రీకు ఊళ్లో ముసలమ్మలు కూడా గుమ్మంలో కూర్చుని ఈ మాటలే అనుకుని ఉంటారు, అక్కడ వాటికేం హోదా ఉండుంటుంది!

గ్యాసు సంగతి చెప్పనా? మీవారికి గ్యాస్ట్రబుల్ కదూ. శనగపిండి తగ్గించమన్నాను, విన్నారా ఎవరైనా! 1600ల్లో వాన్ హెల్మాంట్ అని బ్రస్సెల్స్ వైపు ఆయన ఒకడు బొగ్గు కాల్చి, ద్రాక్షరసం పులియబెట్టి, వచ్చే ఆవిరికి ఏం పేరు పెట్టాలా అని ఆలోచించి, ఖేయాస్ అనే గ్రీకు మాటని తన యాసలో నలిపి గ్యాస్ అన్నాడు. ఖేయాస్ అంటే సృష్టికి ముందుండే గందరగోళం. మీవారి పొట్టకి ఇంతకంటే సరిపోయే మాట ఉందేమో చెప్పండి. మనం ఉన్న చోటుకీ గ్యాసుతోనే పని. ఇక్కడి ఘవార్ బావులు 1948లో బయటపడ్డాయి, ప్రపంచంలోకెల్లా పెద్ద చమురు క్షేత్రమంటారు. మా మగవాళ్లందరూ పగలంతా కింద భూమిలోని గ్యాసుతో అవస్థపడి, ఇంటికొచ్చి కడుపులో గ్యాసు అంటారు.

మొన్న ఆ నర్సమ్మాయి చెప్పిందీ ఒకటుంది, వింటే మీరు స్టూలు మీంచి పడతారు. కోనసీమ నుంచి వచ్చిన డ్రైవరు ఒకడు పొట్ట పట్టుకుని వాళ్ల క్లినిక్‌కి వచ్చాడట. డాక్టరుగారు ఈజిప్టు ఆయన. ఏమిటయ్యా అంటే మనవాడు వచ్చీరాని ఇంగ్లీషులో "ట్వెంటీఫోర్ అవర్స్ పెయిన్ సార్" అన్నాడు. ఓహో నిన్నటినుంచా అని ఆయన రాసుకోబోయాడు. కాదు సార్, పొద్దున్న నుంచే అన్నాడు వీడు. పొద్దున్న నుంచి అయితే ఇరవైనాలుగు గంటలెలా అయ్యాయయ్యా? అయ్యో, అయితే అవుతాయి సార్, ఇది ఇరవైనాలుగు గంటల నొప్పే! ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటుంటే మన పిల్ల గబగబా వచ్చి, "అపెండిసైటిస్ అంటున్నాడు డాక్టర్, మా భాషలో దానికి పేరే అది" అని చెప్పిందట. ఆయన కలం కింద పెట్టేసి నవ్వాడట. పొట్ట నొక్కి చూస్తే అదే. పెద్దాసుపత్రికి పంపించారు, ఆపరేషనయింది, ఇప్పుడు బానే తిరుగుతున్నాడు.

చూశారా, పేరు పెట్టడంలో ఎవరి గోల వాళ్లది. గ్రీకు పేరు ఎక్కడ నొప్పో చెబుతుంది. మన పేరు ఎంతసేపట్లో ఆసుపత్రికి పరిగెత్తాలో చెబుతుంది. నన్నడిగితే మనదే పనికొచ్చే పేరు. పైగా అపెండిసైటిస్ స్వచ్ఛమైన గ్రీకేం కాదు, ముందు ముక్క లాటిన్, తోక గ్రీకు. 1886లో రెజినాల్డ్ ఫిట్జ్ అనే అమెరికా డాక్టరు కలిపి కుట్టాడు. ఈ కొత్త అతుకుల మాటకి ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు మొదటి కూర్పులో చోటే దొరకలేదు. తీరా 1902 జూన్‌లో ఇంగ్లండులో ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకం ఇంకో రెండు రోజులుందనగా రాజుగారికి ఈ నొప్పే వచ్చి కోత కొయ్యాల్సొచ్చింది. చుట్టాలందరూ దిగిపోయారు, వంటలు సగమయ్యాయి, ముహూర్తం ఆగస్టుకి పోయింది. దేశమంతా ఆ మాటే, నిఘంటువులో మాత్రం లేదు! ఆ వంటలన్నీ ఏం చేశారోనని నాకు ఇప్పటికీ మనసులో పీకుతుంది.

తలనొప్పి సంగతికొస్తే అందరూ ఒక్కటే మాట మీద ఉన్నారు. మైగ్రేన్ అనేది హెమిక్రేనియా అరిగి అరిగి మిగిలింది, అంటే సగం తల. మనం ఒంటికణత నొప్పి అంటాం, పార్శ్వనొప్పి అంటాం. ఇక్కడి అరబ్బులు షకీకా అంటారు, అదీ చీలిన సగమనే. తమాషా ఏమిటంటే షకీకా అంటే వాళ్లకి తోడబుట్టిన అక్కో చెల్లెలో కూడా. మా ఆడపడుచుకి ఈ సంగతి చెప్పలేదు, చెబితే ఇంకో తలనొప్పి.

అయినా అరబ్బులు గ్రీకు వైద్యాన్ని వాళ్లంతట వాళ్లు తెచ్చుకున్నారండీ, ఎవరూ నెత్తిన రుద్దలేదు. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్ అని ఒకాయన గాలెన్ అనే గ్రీకు వైద్యుడి పుస్తకాలు చాలావరకు సిరియాక్‌లోకీ అరబ్బీలోకీ దింపాడు. ఒక పుస్తకం దొరక్క సిరియా, పాలస్తీనా, ఈజిప్టు తిరిగి తిరిగి, చివరికి డమాస్కస్‌లో సగం ప్రతి సంపాదించాడు. మనం ధనియాలు మంచివి దొరకలేదని మూడు కొట్లు తిరిగితేనే కాళ్లు పీకుతాయంటాం. ఆ వైద్యమే తిరిగి తిరిగి మన చార్మినార్ దాకా వచ్చింది. యునానీ దవాఖానా అంటారు కదా హైదరాబాదులో, యునాన్ అంటే గ్రీసు. పేరులోనే ఊరు పెట్టుకు తిరుగుతోంది పాపం, మనమే ఎప్పుడూ పలకరించలేదు.

షుగరుని గ్రీకులు డయాబెటిస్ అన్నారు, దాటిపోయేది అని. తాగిన నీళ్లు తాగినట్టే వెళ్లిపోతాయి కదా. ఇక్కడ మాత్రం సుక్కరీ అంటారు. ఆ సుక్కర్ మళ్లీ మన శర్కరే. ఇంకా విచిత్రం, ఖసీం వైపు నుంచి వచ్చే తియ్యటి ఖర్జూరం పేరు కూడా సుక్కరీయే! ఖైసరియా బజారుకి కొత్తగా వచ్చినావిడ ఒకావిడ కొట్టతను "సుక్కరీ?" అని అడిగితే, ఉంది బాబూ, మూడేళ్ల నుంచీ మాత్రలు వాడుతున్నాను అంది. అతను అరకిలో తూచి ఇచ్చాడు. నేనైతే మన హసా ప్రాంతపు ఖలాస్ ఖర్జూరం తప్ప ఇంకోటి కొనను. పాతిక లక్షల ఖర్జూరపు చెట్ల మధ్య కూర్చుని, ఆ తోటల్ని 2018లో యునెస్కో వాళ్లొచ్చి ప్రపంచ వారసత్వం అని రాసుకుని వెళ్లాక కూడా, బయటి ఖర్జూరం కొంటే బావుంటుందా? ఆ ఖైసరియా బజారు పేరు కూడా గ్రీకు నుంచి వచ్చిందేనట, సీజరు తాలూకు బజారు అని. 2001లో కాలిపోయింది, పాత పద్ధతిలోనే మళ్లీ కట్టారు.

బజారంటే గుర్తొచ్చింది. మందుల షాపు బోర్డు మీద సైదలియా అని ఉంటుంది చూశారా? ఆ మాట మన చందనం నుంచి వచ్చిందని అల్‌బిరూనీ ఎప్పుడో చెప్పాడు. గంధపుచెక్కలూ సుగంధాలూ అమ్మేవాడే మందులు అమ్మేవాడు అయ్యాడన్నమాట. పక్కనే ఇంగ్లీషులో ఫార్మసీ అని ఉంటుంది, అది గ్రీకు ఫార్మకాన్. దానికి మందు అనీ అర్థం, విషం అనీ అర్థం, వశీకరణం అనీ అర్థం. మనకేం తక్కువ? జ్వరానికీ మందే, ఎలకలకీ మందే, అత్తగారు కొడుకుని చూసి "కోడలు ఏం మందు పెట్టిందో" అనేదీ మందే. నాలుగోది కూడా ఉంది గానీ, ఈ దేశంలో ఉండి దాని పేరెత్తడం దేనికి లెండి.

సరే, అసలు సంగతికి వస్తాను. ఎదురింటి సౌదీ ఆవిడ మేనల్లుడి పెళ్లి ఆగిందట, తెలుసా? ఆవిడ మొన్న ఎర్ర హసావీ బియ్యం వండి పంపించింది, గిన్నె తిరిగి ఇవ్వడానికి వెళ్లాను. ఊరికే గిన్నె ఇచ్చి వస్తామా, కాసేపు కూర్చున్నాను. మాకిద్దరికీ మధ్య సగం అరబ్బీ, సగం హిందీ, మిగతాది చేతులు. పిల్లా పిల్లాడూ ఇద్దరూ బంధువులే, చిన్నప్పట్నుంచీ అనుకున్న సంబంధమే. ఫహ్స్‌లో కుదరలేదంది. ఫహ్స్ అంటే పెళ్లికి ముందు చేయించే రక్తపరీక్ష. 2004 నుంచి ఈ దేశంలో తప్పనిసరి చేశారు. చూసేది ముఖ్యంగా రెండు రక్తపు జబ్బులకి. ఒకటి సికిల్ సెల్, రెండోది తలసీమియా. ఈ హసా వైపూ, ఖతీఫ్ వైపూ ఈ రెండూ ఎక్కువ. అబ్బాయిలోనూ అమ్మాయిలోనూ చెరో పాలు ఉందనుకోండి, వాళ్లకేమీ అవదు, చక్కగా ఉంటారు. కానీ పుట్టే ప్రతి బిడ్డకీ నాలుగింట ఒక పాలు జబ్బొచ్చే భయం. పరీక్షలో అలా తేలినా పెళ్లి చేసుకోవద్దని ఆపరు. కూర్చోబెట్టి చెబుతారు, కాగితం చేతికిస్తారు, ఆపైన వాళ్లిష్టం. "ఏం చెయ్యాలో తేలక మా అన్నయ్య ఇల్లంతా నిద్రపోవట్లేదు" అని ఆవిడ కళ్లొత్తుకుంది. ఖర్జూరం గింజలు పళ్లెంలో అటూ ఇటూ జరుపుతూ కూర్చుంది, ఆ చేతులు చూస్తే నాకూ గొంతు పట్టేసింది.

ఇంటికొచ్చి మన నర్సమ్మాయిని అడిగాను, తలసీమియా అంటే ఏమిటే అని. థలాసా అంటే సముద్రం, హీమా అంటే రక్తం అంది. సముద్రపు రక్తం! ఇసుకలో కూర్చున్న ఈ ఊరికి సముద్రం ఎక్కణ్ణుంచి వచ్చిందే అన్నాను. 1925లో అమెరికాలో డెట్రాయిట్ డాక్టరు థామస్ కూలీ ఈ జబ్బు పిల్లల్ని చూశాడట, ఇటలీ, గ్రీసుల నుంచి వలసొచ్చిన వాళ్ల పిల్లలు. 1932లో విపుల్, బ్రాడ్‌ఫర్డ్ అనే ఇద్దరు, మధ్యధరా సముద్రం ఒడ్డువాళ్ల జబ్బు కదా అని ఈ పేరు పెట్టారు. తర్వాత చూస్తే ఆ సముద్రం మొహం చూడనివాళ్లకీ ఉంది, మనదేశంలోనూ బోలెడుంది. పేరు మాత్రం సముద్రం ఒడ్డునే కూర్చుంది.

అప్పుడు మా ఆయన పేపరు కిందకి దించి ఓ మాట అన్నారు. వీళ్లకి పెళ్లంటే రక్తం కాగితం, మనకి జాతకం కాగితం అని. జాతకంలో మాత్రం గ్రీకు లేదనుకుంటున్నారా? హోర గ్రీకే. కేంద్రం గ్రీకే, వాళ్ల కెంత్రాన్. ఇంకోటి చెబుతాను, మన సిద్ధాంతిగారు వింటే కర్ర తీసుకుంటారు. పెళ్లి విషయం చూసేది ఏడో ఇల్లు కదా. ముహూర్తం పెట్టేటప్పుడు జామిత్ర శుద్ధి ఉందా అని వేళ్లు మడిచి చూస్తారే, ఆ జామిత్రం వాళ్ల డయామెట్రాన్, ఎదురెదురుగా ఉన్నది అని. యవనులు, అంటే ఆ గ్రీకులు, మ్లేచ్ఛులే అయినా ఈ శాస్త్రంలో ఋషుల్లా గౌరవించదగ్గవాళ్లని వరాహమిహిరుడే బృహత్సంహితలో ఒప్పుకున్నాడు. అంటే పదిహేను వందల ఏళ్ల నుంచీ గ్రీకువాడు మన పెళ్లిచూపుల్లో చాప మీద కూర్చునే ఉన్నాడండీ. అప్పుడు ఏడో ఇల్లు చూశాడు, ఇప్పుడు రక్తం చూస్తున్నాడు. నేనైతే రెండోది ముందు చూడమంటాను. నామీద కోపం తెచ్చుకోకండి, మా ఇంట్లోనూ పంచాంగం ఉంది, రాహుకాలంలో గడప దాటను.

సికిల్ కథ ఇంకా దగ్గరిది. మలేరియా ఎక్కువున్న చోట, ఒక పాలు సికిల్ ఉన్నవాళ్లు మలేరియాకి తట్టుకుని బతుకుతారు. అందుకే తరాల తరబడి ఆ రక్తం అక్కడ నిలిచిపోయింది. ఇక్కడ ఎడారిలో మలేరియా ఏమిటంటారా? హసా అంటే ఊటలూ, కాలవలూ, తోటలూ కదా, దోమలకి కొదవేముంది! మనకి మన్యం. పాడేరు, అరకు, అటు ఆదిలాబాదు అడవులు. మన్యం జ్వరం పేరు చెబితే మా తాతయ్య కాలంలో ఉద్యోగాలు వదిలేసి పారిపోయేవారట. ఆ జ్వరానికి కారణం దోమలో ఉందని పట్టుకున్నది కూడా మన సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టు 20న, రొనాల్డ్ రాస్. ఆ దోమ జాతి పేరు అనాఫిలిస్. దానికి 1818లో మైగెన్ అనే జర్మనీ ఆయన గ్రీకులోంచి పేరు తీశాడు. అంటే ఏమిటో తెలుసా? పనికిమాలినది! ఇంకో ఎనభై ఏళ్ల తర్వాత దాని ఘనకార్యం బయటపడుతుందని ఆయనకి తెలియదు గానీ, తిట్టు మాత్రం ముందే కుదిరింది.

ఇప్పుడు అసలు వింత. ఆఫ్రికా వాళ్లలో సికిల్ రకాలు వేరు. ఈ హసావాళ్ల రకమూ మనదేశపు ఆదివాసుల రకమూ ఒకటేనట. డాక్టర్లు దాన్ని అరబ్ ఇండియన్ రకం అనే పిలుస్తారు. పుట్టకముందు బిడ్డకి ఉండే హీమోగ్లోబిన్ పెద్దయ్యాక కూడా కాస్త మిగిలి ఉంటుంది వీళ్లలో, అందుకని చాలామందికి జబ్బు ఉధృతి తక్కువ. ఎదురింటి ఆవిడకీ, అరకు సంతలో చీపుళ్లు అమ్మే ఆవిడకీ ఎప్పుడో ఏ ముత్తవ్వ దగ్గరో చుట్టరికం ఉందన్నమాట. గోత్రాలు మాత్రం అడక్కండి. మనదేశంలోనూ 2023 జూలై 1న సికిల్ సెల్‌కి పెద్ద కార్యక్రమం మొదలుపెట్టారు, ఆదివాసులున్న ఊళ్లలో పరీక్షలు చేస్తున్నారు. పరీక్ష చేయించుకున్నవాళ్లకి కార్డులిస్తున్నారు. అబ్బాయి కార్డూ అమ్మాయి కార్డూ పక్కపక్కన పెట్టి చూస్తే, పుట్టబోయే పిల్లల సంగతి తెలిసిపోతుందట.

అది సరే గానీ, మీ పెద్దాడికి సంబంధాలు చూస్తున్నారని మావారు ఎక్కడో విన్నారు. పక్కనే ఉన్నాను, నాకు ఒక్క మాట చెప్పలేదు మీరు! విశాఖ వైపు అమ్మాయటగా? ఎవరి తాలూకు? దగ్గరివాళ్లా, బయటి సంబంధమా? ఆగండాగండి, దిగిపోకండి, ఆ ఫోటో ఉంటే ఇలా గోడ మీంచి అందించండి, చూసిస్తాను.